ఈ-నామ్‌లో అంకె తప్పితే... ధర ప్రకటనకు ముందే రద్దు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: వ్యవసాయ మార్కెట్లలో ఖరీదుదారుడు ఒకప్పుడు రాశి ముందు నిలబడి నోటితో ధర పలికేవాడు. ఆన్‌లైన్ వేలం వచ్చిన తరువాత కంప్యూటరులోనో, సెల్‌ఫోన్‌లోనో అంకెలు నమోదు చేస్తున్నాడు. వేలు జారి తప్పు ధర నమోదైతే దానిని రద్దు చేసుకోవచ్చునా? ఆ ధరను నమ్ముకున్న రైతు పరిస్థితి ఏమిటి? ఖరీదుదారులు, రైతులు తెలుసుకోవలసిన అంశాలివి.

ధర ఖరారయ్యేది ఇలా...

జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. వరంగల్ ఎనుమాముల, జనగామ, కేసముద్రం మార్కెట్లు ఈ విధానంలోకి వచ్చాయి. సరుకు యార్డు గేటు వద్దకు రాగానే రైతు పేరుతో లాట్ నంబరు కేటాయిస్తారు. ఖరీదుదారులు సరుకు చూసుకుని లాట్ల వారీగా క్వింటాలు ధరను నమోదు చేస్తారు. గడువు ముగిశాక అత్యధిక ధరను ప్రకటిస్తారు. ఆ సమాచారం రైతు సెల్‌ఫోన్‌కు చేరుతుంది. ధర నచ్చకుంటే తిరస్కరించే హక్కు రైతుకు ఉంది. అంగీకరిస్తే కాంటా వేసి తక్‌పట్టీ ఇస్తారు.

ఒక్క అంకెతో ఎంతో తేడా

మక్కల లాట్‌కు క్వింటాలుకు రూ.2,350 వేయదలచిన వ్యాపారి మొదటి రెండు అంకెలు తారుమారు చేసి రూ.3,250 నమోదు చేశాడనుకుందాం. 40 క్వింటాళ్ల లాట్‌కు రూ.94,000 కావలసిన విలువ రూ.1,30,000 అవుతుంది. తేడా రూ.36,000. ఒక సున్నా అదనంగా పడితే విలువ పది రెట్లవుతుంది. పక్క లాట్‌కు వేయవలసిన ధర మరో లాట్‌కు పడటం ఇంకొక రకం పొరపాటు.

చట్టం ఏమంటోంది?

వస్తు విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షను ప్రకారం వేలం ముగిసినట్లు ప్రకటించే వరకు పాటదారుడు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 5వ సెక్షను సారాంశమూ ఇదే. ప్రతిపాదనను ఎదుటివారు ఆమోదించక ముందే వెనక్కి తీసుకోవాలి. ప్రకటన వెలువడి, రైతు అంగీకరించిన తరువాత పరిస్థితి మారుతుంది. ఒక పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని అదే చట్టంలోని 22వ సెక్షను చెబుతోంది. అప్పుడు ఖరీదుదారుడు తనంతట తాను ధర తగ్గించలేడు. ఎదుటి పక్షం సమ్మతి అవసరం.

ఖరీదుదారుడు చేయవలసినవి

* నమోదుకు ముందు లాట్ నంబరు, ధర రెండింటినీ మరోమారు సరిచూసుకోవాలి.
* తప్పు గుర్తించిన వెంటనే, గడువు ముగియక ముందే మార్కెట్ కార్యదర్శికి తెలపాలి.
* నోటిమాటతో సరిపెట్టక లాట్ నంబరు, నమోదైన ధర, వేయదలచిన ధర, సమయం పేర్కొంటూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. తెర మీది వివరాలను ఫొటో తీసి జతచేయడం మేలు.

రైతు నష్టపోకుండా...

బిడ్ రద్దయితే అసలు ఇబ్బంది రైతుదే. సరుకు ఆ రాత్రి యార్డులోనే ఉండిపోతుంది. వాన వస్తే తడుస్తుంది. తిరిగి తీసుకుపోవాలంటే బండి కిరాయి భారమవుతుంది. మిర్చి, పత్తితో భూపాలపల్లి వైపు నుంచి ఎనుమాములకు వెళ్లే రైతుకు దూరం కూడా ఎక్కువే. అందువల్ల ఈ జాగ్రత్తలు అవసరం.

* ధర సమాచారం వచ్చిన సందేశాన్ని చెరిపివేయరాదు. లాట్ చీటీని భద్రపరచుకోవాలి.
* కాంటా వద్ద తక్కువ ధర చెబితే తూకానికి ఒప్పుకొనక ముందే కార్యదర్శికి ఫిర్యాదు చేయాలి. తూకం పూర్తయి, తక్‌పట్టీ తీసుకున్న తరువాత అభ్యంతరం చెప్పడం కష్టం.
* బిడ్ రద్దయినంత మాత్రాన తరువాతి ధరకు అమ్మవలసిన నిర్బంధం లేదు. ఆ ధరకు ఒప్పుకోవడమా, మళ్లీ వేలానికి పెట్టడమా అన్నది రైతు ఇష్టం.
* ధర అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తే సొమ్ము వస్తుందని అప్పులకు మాట ఇవ్వక, ముందుగా కార్యాలయంలో నిర్ధారించుకోవాలి.

ధరావతు ఉన్న వేలాల్లో వేరు

సింగరేణి బొగ్గు, ప్రభుత్వ స్థలాల వంటి ఆన్‌లైన్ వేలాల్లో పాల్గొనేవారు ముందుగా ధరావతు చెల్లిస్తారు. బిడ్ ఉపసంహరిస్తే ధరావతు జప్తు చేస్తామన్న నిబంధన ఉంటే, ఆమోదానికి ముందు వెనక్కి తగ్గినా ఆ సొమ్ము పోవచ్చు. జాతీయ రహదారుల సంస్థ, గంగా ఎంటర్‌ప్రైజెస్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఇటువంటి జప్తును సమర్థించింది. కనుక ఈ వేలాల్లో నిబంధనల పత్రం పూర్తిగా చదివిన తరువాతనే ధర నమోదు చేయడం శ్రేయస్కరం.

ఈ-నామ్‌కు సంబంధించిన సందేహాలకు ఉచిత ఫోన్ నంబరు 1800 270 0224లో సంప్రదించవచ్చు.