పింకీ చెయ్యి చాచాడు

1969 డిసెంబరు 1, సోమవారం రాత్రి. ‘మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.’ అనే హాస్య ధారావాహిక కోసం అమెరికాలో జనం సీబీఎస్ పెట్టుకుని కూర్చున్నారు. అది రాలేదు. దాని బదులు వాషింగ్టన్‌లో ఒక గది కనిపించింది. మధ్యలో పెద్ద గాజు జాడీ, అందులో 366 నీలం రంగు ప్లాస్టిక్ బిళ్లలు. ఒక్కో బిళ్ల లోపల ఒక్కో తేదీ. కాంగ్రెస్ సభ్యుడు అలెగ్జాండర్ పిర్నీ చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. సెప్టెంబరు 14.

మనకు తెలిసిన లాటరీలో పేరొస్తే స్వీట్లు పంచుతారు. ఈ లాటరీలో పుట్టినరోజు ముందొచ్చిన కుర్రాడికి సైన్యం పిలుపు ముందొస్తుంది. అప్పట్లో సైన్యమంటే వియత్నాం. కొందరు వెళ్లారు. వేల మంది సరిహద్దు దాటి కెనడా చేరారు. వెనక్కి వస్తే అరెస్టే.

ఏడేళ్ల తర్వాత, అదే సీబీఎస్‌లో, ఆ పారిపోయిన కుర్రాళ్లలో ఒకడు పండగ భోజనానికి వచ్చాడు.

1976 డిసెంబరు 25, శనివారం. అసలు క్రిస్మస్ రోజే. ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’కి అప్పుడు ఏడో సీజన్. నార్మన్ లియర్ సృష్టించిన ఆ కుటుంబం న్యూయార్క్ క్వీన్స్‌లో, 704 హౌజర్ స్ట్రీట్‌లో ఉంటుంది. ఇంటి పెద్ద ఆర్చీ బంకర్. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన కార్మికుడు. నోటికి అదుపు లేదు, నల్లవాళ్ల మీదా యూదుల మీదా ఎన్ని దురభిప్రాయాలుండాలో అన్నీ ఉన్నాయి. భార్య ఈడిత్ మనసు వెన్న. కూతురు గ్లోరియా, అల్లుడు మైక్ పక్కింట్లో. ఆ మామా అల్లుళ్లకు క్షణం పడదు, దేశ రాజకీయమంతా వాళ్ల హాల్లోనే తేలాలి. ఆ తగువు చూడడానికే జనం అయిదేళ్లపాటు ఆ షోను రేటింగుల్లో మొదటి స్థానంలో కూర్చోబెట్టారు.

ఆ రాత్రి మైక్ స్నేహితుడు డేవిడ్ గుట్టుగా కెనడా నుంచి వచ్చాడు. మామకు సంగతి తెలియకుండా పండగ గట్టెక్కితే చాలనుకున్నాడు మైక్. మరోవైపు ఆర్చీ తన పాత మిత్రుడు పింకీ పీటర్సన్‌ను భోజనానికి పిలిచాడు. పింకీ కొడుకు స్టీవ్ వియత్నాంలో చనిపోయాడు.

జే మోరియార్టీ, మైక్ మిలిగన్ అనే ఇద్దరు రచయితలు చేసిందల్లా ఈ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గరికి చేర్చడం. అదొక్కటీ కుదిరాక రచయితలకు పెద్దగా పనుండదు, పాత్రలే లాక్కుపోతాయి.

ఈడిత్ వడ్డనల హడావిడిలో ఉంది. ఆర్చీ కొత్త కుర్రాణ్ణి మర్యాదగానే కుశల ప్రశ్నలు అడిగాడు. మాట మీద మాట వచ్చింది. దాచి దాచి, చివరికి డేవిడే నిజం చెప్పేశాడు.

ఆర్చీ లేచి నిలబడ్డాడు. ఆ షోను ప్రేక్షకుల ఎదుటే టేపు చేసేవారు. ఆర్చీ అరిస్తే నవ్వడం వాళ్లకు అలవాటు. మొదట నవ్వారు కూడా. ఆ యుద్ధం తప్పని ఇప్పటికైనా ఒప్పుకోమంటాడు మైక్. ఆ దిక్కుమాలిన యుద్ధం ఊసే వద్దంటాడు ఆర్చీ. వెళతావా అని అందర్నీ అడుగుతూ కూర్చుంటే ఏ దేశమూ ఓ మంచి యుద్ధం మొదలెట్టలేదట! కుర్రాళ్లంతా చావడం ఇష్టంలేక వెళ్లమంటారట. అందుకే ఆ నిర్ణయం కాంగ్రెస్‌లో ముసలాళ్లకు వదిలేశామట, చచ్చేది వాళ్లు కారు గనక. తను సమర్థిస్తున్నాననుకుంటూ ఆర్చీ తెలియకుండానే గుట్టంతా బయటపెట్టేశాడు. గాజు జాడీలో దిగిన ఆ చెయ్యి ఈ మాట దగ్గర గుర్తుకు రాకమానదు.

ఆర్చీగా వేసిన క్యారల్ ఓకానర్ ఆ నిమిషంలో హాస్యనటుడిలా కనిపించడు. గొంతు బొంగురుపోయి, కళ్లు ఎర్రబడి, ఎదుటివాడి కంటే తననే ఎక్కువ నమ్మించుకుంటున్న మనిషిలా ఉంటాడు. చివరికి పింకీ వైపు తిరిగాడు. కొడుకును పోగొట్టుకున్నవాడు, ఇక్కడ మాట్లాడే హక్కు ఇతనికే ఉంది, అడగండి ఇతన్ని అన్నాడు.

పింకీ వేషం యూజీన్ రోష్‌ది. అతను గొంతు పెంచలేదు. నా కొడుక్కీ ఆ యుద్ధమంటే పడదు అన్నాడు. వాడికి ధర్మమనిపించింది వాడు చేశాడు, ఈ అబ్బాయికి తోచింది ఈ అబ్బాయి చేశాడు. ఇతను బతికి ఉన్నాడు, మనతో కలిసి తినగలడు. స్టీవ్ ఉంటే ఇతని పక్కనే కూర్చునేవాడు, నేనూ కూర్చుంటాను. ఇదీ అతని మాటల సారం. అని డేవిడ్‌కు చెయ్యి చాచి పండగ శుభాకాంక్షలు చెప్పాడు.

ఈ మాటలే మైక్ నోట పెట్టి ఉంటే మరో ఉపన్యాసమయ్యేది, మర్నాటికి మరచిపోయేవాళ్లం. ఇంకో మెచ్చదగ్గ పని, ఆర్చీని మార్చేయకపోవడం. అతనికి చివరిదాకా ఆ సంగతి మింగుడు పడలేదు.

బయట కూడా అంతే. ఆ ఆగస్టులోనే సియాటెల్‌లో మాజీ సైనికుల సభలో, అధ్యక్షుడిగా గెలిస్తే ఇలా పారిపోయిన కుర్రాళ్లకు క్షమాభిక్ష పెడతానన్న జిమ్మీ కార్టర్ మాటకు ఈలలూ కేకలూ లేచాయి. ఆర్చీలతో నిండిన హాలది. అయినా కార్టర్ మాట తప్పలేదు. ప్రమాణం చేసిన మర్నాడే, 1977 జనవరి 21న సంతకం పెట్టాడు. ఎపిసోడ్ వచ్చి అప్పటికి 27 రోజులు. సైన్యంలో చేరాక పారిపోయినవాళ్లకు మాత్రం అందులో చోటు లేదు.

ఆర్చీ హాల్లోని కుర్చీని, పక్కనుండే ఈడిత్ కుర్చీని 1978లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు. అది వాషింగ్టన్‌లో ఉంది, ఆ గాజు జాడీలో చెయ్యి పెట్టిన ఊళ్లోనే.