ఉన్మాదము - యంత్రభ్రాంతి

అలంకారశాస్త్రమున నున్మాదము 33 వ్యభిచారిభావములలో నొకటి. విప్రలంభమునఁ జెప్పఁబడు దశావస్థలలోను దానికి స్థానము గలదు. విక్రమోర్వశీయము నాల్గవ యంకమునఁ బురూరవుఁడు నెమలిని, కోకిలను, గజమును బిలిచి ప్రియురాలి జాడ యడుగుట పండితులందఱు నెఱిఁగినదే. ఆ వెఱ్ఱికిఁ గారణ మున్నది, అవధియు నున్నది. ఊర్వశి లతయైనదని ప్రేక్షకుఁ డంకారంభముననే వినియుండును. సంగమనీయమణిని ధరించి రాజు లతను గౌఁగిలించినంతనే యామె ప్రత్యక్షమగును. అతని యున్మాదమును నంతటితోఁ దీఱును.

వైద్యాచార్యుల దృష్టి వేఱు. చరకుఁడు నిదానస్థానమున నున్మాదమును మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను నెనిమిదింటి విభ్రమముగా నిర్వచించెను. భక్తి యనఁగా నిచట నిచ్ఛ యని యెఱుఁగవలెను. విరహము మాట యీ లక్షణమున లేనేలేదు. అతఁడు గణించిన యైదు భేదములలో నాగంతుకము దేవగంధర్వరాక్షసాదులవలనఁ గలుగునది. అయినను దనంతఁ దాను క్లేశము తెచ్చికొనని మానవుని దేవతలు గాని పిశాచములు గాని బాధింపరని యా యాచార్యుఁడే చెప్పియున్నాఁడు. సుశ్రుతుఁడు మనోదుఃఖమువలనఁ గలుగుదానిని, విషమువలనఁ గలుగుదానిని జేర్చి యాఱు భేదములు చెప్పెను.

తెలుఁగున మనకు వెఱ్ఱి, పిచ్చి యను మాటలు మిక్కిలి చనువైనవి. బిడ్డను ముద్దాడు తల్లియు "పిచ్చితండ్రీ" యనును. ఈ చనువువలన నొక నష్టము గలదు. మాట మెత్తనైనకొలఁది దానివెనుకనున్న వ్యాధి కంటఁబడదు.

లేనిదానిని గలదని నమ్మి, యెన్ని యుపపత్తులు చూపినను విడువకుండుటను భ్రాంతి యందము. ఈ భ్రాంతులు ప్రధానముగాఁ గల వ్యాధికి స్విట్జర్లాండు వైద్యుఁడు బ్లాయిలరు 1908వ సంవత్సరమున స్కిజోఫ్రీనియా యని పేరిడెను. గ్రీకుభాషలోఁ జీలుట, మనస్సు అను నర్థములుగల రెండు మాటల కూర్పిది. ఒక దేహమున నిరువురు మనుష్యులు వసించుట యని దీని కర్థము చెప్పుట పొరపాటు. తలంపునకును, భావమునకును, మాటకును నుండవలసిన పొందిక విడివడుటయే యాతని వివక్షితము. ఈ పేరు పుట్టుటకు నూఱేండ్లకుఁ బూర్వమే యిట్టి భ్రాంతి యొకటి లండను నగరమున సవివరముగా వ్రాయఁబడినది. ఆ వృత్తాంతమే యీ వ్యాసమునకు ముఖ్యవిషయము.

జేమ్సు టిల్లీ మాథ్యూసు లండనులోఁ దేయాకు వ్యాపారము చేసినవాఁడు. ఫ్రాన్సునకును నింగ్లండునకును యుద్ధము రాకుండఁ జేయవలెనని యతఁడు పారిసునకుఁ బోయి రాయబారములు నడపెను. 1793వ సంవత్సరమున యుద్ధము రానే వచ్చెను. జాకొబిను పక్షమువారు మాథ్యూసును శంకించి చెఱఁబెట్టిరి; 1796 వఱకు నతఁడు విడువఁబడలేదు. స్వదేశమునకు మరలివచ్చి, లివర్పూలు ప్రభువు రాజద్రోహి యని యాతనికే లేఖలు వ్రాసెను. తుదకుఁ బార్లమెంటు సభలోఁ బ్రేక్షకులు కూర్చుండు మేడనుండి "ద్రోహము" అని కేక వైచెను. 1797 జనవరిలో నతనిని బెత్లెము అను పిచ్చివారి వైద్యశాలలోఁ జేర్చిరి.

అచట నతఁడు వెల్లడించిన దిది. లండనువాలు అను తావు చేరువ నొక ముఠా గలదు. వారియొద్ద నొక వాయుయంత్రము, మగ్గమువంటిది, గలదు. దుష్టవాయువులను నయస్కాంతశక్తితోఁ గలిపి యా యంత్రము దూరమునుండియే తన మెదడును బట్టి పీడించుచున్నది. పిల్లలు గాలిపటము నెగురవేసినట్లు వారొక తలంపును దన బుద్ధిలోని కెగురవేయుదురు. అది గంటలకొలఁది యచటనే యాడుచుండును, తా నెంత వలదనుకొన్నను దిగదు. నాలుకను బిగించి మాట రాకుండఁ జేయుట మఱియొక ప్రయోగము. ముఠాలో నేడుగురు. నాయకుఁడగు బిల్ అనువాఁడు నవ్వఁగాఁ జూచినవారు లేరు. యంత్రమును నడపు చేతొడుగుల స్త్రీ యెన్నఁడును మాటాడదు. జరిగినదెల్ల లఘులిపిలో వ్రాసికొనువాఁడు జాక్ అను బడిపంతులు! మంత్రుల మనస్సులనుగూడ నిట్టి యంత్రములే నడపుచున్నవని మాథ్యూసు విశ్వాసము.

ఇందలి సామగ్రిని బరిశీలింపుఁడు. ఆ కాలమున వాయువులను వేఱుపఱచు రసాయనశాస్త్రము క్రొత్తది. పారిసున మెస్మరు ప్రచారము చేసిన జంత్వయస్కాంతవాదము 1784వ సంవత్సరమున రాజనియుక్త పండితసంఘముచేఁ దిరస్కరింపఁబడినను జనుల నోళ్లలో నుండెను. నూలుపరిశ్రమకు యంత్రములు వచ్చుచుండెను. మనదేశమున గంధర్వుఁడో బ్రహ్మరాక్షసుఁడో చేసెడి పనిని లండనులో మగ్గము చేసినది. వ్యాధి యొకటే, పనిముట్లు మాత్రము దేశకాలముల నుండి యెరువు తెచ్చికొన్నవని నా తలంపు. 1919వ సంవత్సరమున వియన్నా వైద్యుఁడు టౌస్కు ఇట్టి యంత్రభ్రాంతినే ప్రత్యేకముగా విచారించెను.

ఇఁక వివాదము. 1809వ సంవత్సరమున బంధువులు మాథ్యూసును విడిపింప యత్నించిరి. బర్క్‌బెకు, క్లట్టర్‌బకు అను వైద్యు లిరువురు పరీక్షించి యతఁడు స్వస్థచిత్తుఁడే యనిరి. బెత్లెమునందలి ఔషధాధికారి హాస్లాము కాదనెను. అప్పుడు హోంమంత్రిగా నున్నవాఁడు మాథ్యూసుచే నిందింపఁబడిన లివర్పూలు ప్రభువు కుమారుఁడు. ఖైదు సాగవలెననియే యాతని యభిప్రాయము. మాథ్యూసు విడుదల కాలేదు. ఆ వైద్యుల మాట వ్యర్థమని లోకమునకుఁ జూప హాస్లాము 1810వ సంవత్సరమున మాథ్యూసు చెప్పినదంతయు గ్రంథముగాఁ బ్రకటించెను. మాథ్యూసు స్వయముగా గీసిన యంత్రపటము నందుఁ జేర్చెను. ప్రతివాదిని గేలిచేయుటకు వ్రాసిన పుస్తకమే తరువాతివారికి భ్రాంతిని గూర్చిన యమూల్యసాక్ష్యమైనది.

నా కిందుఁ దోఁచు చిక్కు వేఱొకటి. మాథ్యూసు ఫ్రాన్సునకుఁ బోవుట నిజము, చెఱయు నిజము. యంత్ర మబద్ధము. హాస్లా మబద్ధమును జూపి నిజమునుగూడఁ ద్రోసివైచెను. వైద్యులిరువురు నిజమును బట్టి యంత్రమును లెక్కింపరైరి. రోగి చెప్పునది యంతయు నసత్యమని గాని, సత్యమని గాని యెంచువాఁడు వాని మాట విననివాఁడే. కావ్యమునఁ బ్రేక్షకుని కీ బాధ లేదు. లత యెవరో కవి ముందే చెప్పియుంచును.

మాథ్యూసు నిర్బంధముననే చిత్రలేఖనము నభ్యసించెను. బెత్లెమునకుఁ గ్రొత్తభవనము కట్టఁదలఁచి పాలకులు నమూనాలు కోరఁగా, నీ రోగియుఁ దన నమూనా సమర్పించెను. పాలకు లతనికి 30 పౌనులు బహుమాన మిచ్చిరి. కొంతకాలమునకు హాక్నీలోని ప్రైవేటు వైద్యశాలకు మార్పఁబడి, 1815 జనవరిలో నతఁడు మరణించెను. ఆ యేఁడే పార్లమెంటు విచారణసంఘము బెత్లెములో రోగులను సంకెళ్లతో బంధించుటను గూర్చి సాక్ష్యములు వినెను. మాథ్యూసు బంధువొకఁడు నందు సాక్ష్యమిచ్చెను. 1816వ సంవత్సరమున హాస్లామును బనినుండి తొలఁగించిరి. క్రొత్తభవనము మాథ్యూసు పోయిన కొలఁదినెలలకు రోగులకుఁ దెఱవఁబడెను. 1936 నుండి దానియందు యుద్ధవస్తుప్రదర్శనశాల యున్నది.