పాలతేటలోని పసుపు రంగు

పాలు విరిగినప్పుడు వేరుపడు తేటను చూచినచో అందు పసుపుపచ్చని చాయ కనబడును. ఇంగ్లండులో వింటర్ బ్లైత్ అను రసాయనజ్ఞుడు 1879లో ఈ రంగును గుర్తించెను. అది ఎందులకు పనికివచ్చునో నాడు ఎవరికిని తెలియదు. 1933లో జర్మనీలో రిచర్డ్ కూన్, అతని సహచరులు దానిని శుద్ధరూపమున వేరుచేసిరి. అదియే రిబోఫ్లేవిన్, అనగా బి-2 విటమిను.

దీనికి వెలుతురు పడదు. గాజుసీసాలోని పాలను ఎండలో ఉంచినచో అందలి బి-2 నశించును, పాల రుచియు చెడును. రిబోఫ్లేవిన్ అణువు కాంతిని గ్రహించి, తాను మారుటయేకాక పక్కనున్న పదార్థములను కూడ మార్చుటయే ఇందుకు కారణము. ఇట్టి చర్య అప్పటికే తెలిసినది. మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి ఆక్రిడిన్ అను పదార్థము కలిపిన నీటిలో పారమీసియములను ఉంచగా, అవి చీకటిలో కంటె వెలుతురులో త్వరగా చచ్చినవి. ఈ సంగతి 1900లో ప్రకటింపబడినది. రిబోఫ్లేవిన్ సమక్షమున కాంతి ఆర్.ఎన్.ఏ.ను చెరచునని 1965లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. అందు ముఖ్యముగా దెబ్బతినునది గ్వానిన్ అను భాగము.

ఇక రక్తము మాట. ఎయిడ్స్ వైరస్‌ను పట్టు రక్తపరీక్ష 1985లో వచ్చినది. హెపటైటిస్-సి వైరస్ 1989లో గుర్తింపబడినది. అయినను, రోగము సోకిన తొలిదినములలో పరీక్షకు ఏమియు అందదు. పరీక్షయే లేని క్రిమి సంగతి చెప్పనక్కరలేదు. కనుక పట్టుటకు బదులు, ఉన్న క్రిమిని ఉన్నచోటనే నిర్వీర్యము చేయరాదా?

రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూచిన విద్యార్థికి ఎఱ్ఱకణములలో కేంద్రకము లేదని తెలియును. ప్లేట్‌లెట్లకును లేదు. వైరసులు, బాక్టీరియాలు, మలేరియా పరాన్నజీవి మాత్రము న్యూక్లియిక్ ఆమ్లము చెడినచో వృద్ధి చెందలేవు. ఉపాయమంతయు ఈ భేదములోనే ఉన్నది. అమెరికాలోని కొలరాడోలో రూపొందిన మిరాసోల్ పద్ధతిలో రక్తభాగమునకు రిబోఫ్లేవిన్ ద్రవమును కలిపి, సంచిని కదుపుచు అతినీలలోహిత కాంతి క్రింద కొన్ని నిమిషములు ఉంచుదురు. కలిపినది ఆహారములోని విటమినే గనుక దానిని తిరిగి తీయవలసిన పని లేదు. 2007లో ప్లేట్‌లెట్ల విషయమున దీనికి ఐరోపాలో అనుమతి లభించినది.

ఇది ఉచితముగా వచ్చిన లాభము కాదు. కాంతి సోకిన ప్లేట్‌లెట్లు కొంత శక్తిని కోల్పోవును. రోగికి ఎక్కించిన గంటకు లెక్కించిన వాని పెరుగుదల మామూలు ప్లేట్‌లెట్ల కంటె తక్కువగా ఉండెనని 2010లో ప్రకటింపబడిన పరీక్ష తెలిపినది. అన్ని క్రిములును సమానముగా లొంగవు. పూర్తి రక్తమున చిక్కు మరియొకటి: హీమోగ్లోబిన్ తానే కాంతిని మ్రింగివేయును.

అయినను పూర్తి రక్తముతోనే ఘానా దేశమున కుమాసీ ఆసుపత్రిలో పరీక్ష జరిగినది. అచ్చట రక్తదాతలలో పెక్కురి రక్తమున, పైకి జ్వరము లేకున్నను, మలేరియా పరాన్నజీవి ఉండును. అట్టివారిని తొలగించినచో రక్తమిచ్చువారు కరవగుదురు. 2016లో వెలువడిన ఫలితముల ప్రకారము, పరాన్నజీవి గల రక్తము నెక్కించుకొన్న, అంతకుముందు మలేరియా లేని రోగులలో, మామూలు రక్తము పొందినవారిలో 22 శాతమునకు ఆ వ్యాధి సోకగా, కాంతి చికిత్స చేసిన రక్తము పొందినవారిలో 4 శాతమునకు మాత్రమే సోకెను. ఇట్టి రోగులు మొత్తము 65 మంది మాత్రమే.