ఇనిషియల్ వెనక ఊరు

బెంగళూరు బైయప్పనహళ్లిలో 2022లో మొదలైన రైల్వే టెర్మినల్‌కు సర్ ఎం. విశ్వేశ్వరయ్య పేరు పెట్టారు. ఆంధ్ర నుంచి వచ్చి అక్కడ దిగేవాళ్లలో చాలామందికి ఆ ‘ఎం’ తమవైపు ఊరేనని తట్టదు. అది మోక్షగుండం, గిద్దలూరు ప్రాంతంలోని పల్లె. విశ్వేశ్వరయ్య పూర్వీకులు ఎప్పుడో అక్కణ్ణుంచి మైసూరు సీమకు తరలివచ్చారు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉన్నప్పుడు కూడా సంతకంలో ఆ పాత ఊరే ముందుండేది.

తెలుగు పద్ధతిలో మోక్షగుండం ఇంటిపేరు. కన్నడనాట లెక్క వేరు. అక్కడ పేరుకు ముందున్న అక్షరాల్లో తరచుగా ఒకటి ఊరిది, ఒకటి తండ్రిది. 1947లో మైసూరు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డినే చూడండి. ‘కె’ అంటే క్యాసంబళ్లి, కోలారు బంగారు గనుల దగ్గర ఆయన పుట్టిన ఊరు. అయితే ఇక్కడ ‘సి’ తండ్రిది కాదు, ఆయన సొంత పేరే, చెంగలరాయ. విశ్వేశ్వరయ్య, రెడ్డి ఇద్దరి పేర్లకూ ముందున్నది ఊరే. కానీ రెడ్డిది తాను పుట్టిన ఊరు, విశ్వేశ్వరయ్యది తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరు. బెంగళూరు తెలుగు కుటుంబంలో వంశం కూపీ తీసేవారు మొదట తేల్చుకోవలసిన ముడి ఇదే.

అన్ని ఇంటిపేర్లూ ఇంత స్థిరంగా ఉండవు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పి, 1979లో బెంగళూరులో కన్నుమూసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తండ్రి పేరు కర్నమడకల కృష్ణమాచార్యులు. అనంతపురం జిల్లాలోని సొంత ఊరు రాళ్లపల్లి కొడుకు పేరు ముందు చేరి, కర్నమడకలను పక్కకు నెట్టేసింది. తండ్రీకొడుకుల పేర్లు రెండు చోట్ల విడివిడిగా కనబడితే, ఒకే ఇంటివాళ్లని గుర్తుపట్టడం కష్టం.

ఇలాంటి చిక్కే కెనడాలోని ఫ్రెంచి కుటుంబాలకూ ఉంది. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన సైనికులకు మారుపేర్లుండేవి. అసలు ఇంటిపేరుకూ మారుపేరుకూ నడుమ ‘అనబడే’ అన్న అర్థంలో ‘ది’ అనే మాట చేర్చి రాసేవారు. తర్వాతి తరాల్లో ఒక శాఖ మొదటి పేరును, ఇంకో శాఖ రెండోదాన్ని పట్టుకునేది. 1900లో క్యూబెక్‌లో సహకార పరపతి సంఘం స్థాపించిన అల్ఫోన్స్ దెజార్దాన్‌ది ‘రువా ది దెజార్దాన్’ కుటుంబం. అయితే వాళ్లకు చర్చి రిజిస్టర్లున్నాయి. బాప్తిస్మం, పెళ్లి, ఖననం, అన్నీ ఫాదరీలు రాసిపెట్టారు. మనకు ఆ పని చాలావరకు పెళ్లిచూపులదే. ‘మీ ఇంటిపేరేమిటండీ, గోత్రమేమిటి?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికైనా పెద్దవాళ్లు ఆ రెండు మాటలూ గుర్తుంచుకున్నారు.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆనవాలూ తెగుతుంది. పెళ్లితో ఇంటిపేరు మారిపోయి, పుట్టింటిపేరు తాంబూలాల మాటల్లోనే మిగులుతుంది. క్యూబెక్‌లో 1981 నుంచి చట్టప్రకారం పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరుతోనే కొనసాగుతోంది.

తండ్రి ఇంటిపేరూ అత్తింటి పేరూ లేకుండా పేరు నిలబెట్టుకున్నావిడ బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టింది. సంగీతంతో పేరొచ్చిన నగరమే ఆమె ఇంటిపేరయింది. కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయించి వివాదాన్ని ఎదుర్కొంది. తర్వాత సొంత సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజుకు సమాధి మందిరం కట్టించింది. ఆ త్యాగరాజు పుట్టిందీ పెరిగిందీ తమిళనాట. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ పేరున్న పల్లె కూడా మోక్షగుండంలాగే గిద్దలూరు ప్రాంతంలోనే ఉంది.

ఇప్పుడు ముడి పాస్‌పోర్టు ఫారంలో పడుతోంది. ‘సర్‌నేమ్’ గడిలో హైదరాబాదులో పెరిగిన అన్న ఇంటిపేరు రాస్తే, బెంగళూరులో పెరిగిన తమ్ముడు తండ్రి పేరు రాస్తాడు. వాళ్ల పిల్లలు విదేశాల్లో రెండు వేర్వేరు వంశాల వాళ్లలా నమోదవుతారు.