పెళ్ళికొడుకు ఎవరి కొడుకు?

మన శుభలేఖల్లో వధూవరులు, నవదంపతులు ఉంటారు. పందిట్లో మాత్రం పెళ్ళికొడుకూ పెళ్ళికూతురే ఉంటారు. అచ్చుకొక మాట, నోటికొక మాట అన్నిచోట్లా ఉన్నదే. అయితే పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడిన మనకు ఇందులో మరో చిక్కు ఉంది. తమిళనాట 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి మొదలు అంచెలంచెలుగా తప్పనిసరి పాఠం చేసింది. హోసూరు వైపు తెలుగు పిల్లవాడు బడిలో 'మగన్' అంటే కొడుకని నేర్చుకొని వస్తాడు. ఇంట్లో అవ్వ 'మగడు' అంటే భర్త అంటుంది. మన మాటే తప్పేమోనని వాడికి తోస్తే ఆ నేరం వాడిది కాదు, చెప్పని పెద్దలది.

తమిళులు కొత్త జంటను మణమగన్, మణమగళ్ అంటారు. కన్నడిగులు మదుమగ, మదుమగళు అంటారు. మణం, మదువె అంటే పెళ్ళి. మగన్, మగ అంటే కొడుకు. మన 'పెండ్లికొడుకు' కట్టుబడీ అచ్చంగా అదే. ముక్కలు వేరు, అల్లిక ఒకటి. ఒకరిది చూసి మరొకరు నకలు చేశారనడం కంటే, ఇది ఇరుగుపొరుగులందరి ఉమ్మడి ఆలోచన అనడమే నాకు సబబుగా తోస్తుంది.

ఇక ముక్కల సంగతి. పెండ్లి, పెండ్లాము, పెంటి - వీటన్నిటికీ మూలం ఆడది అనే అర్థమున్న 'పెణ్'. బరో, ఎమెనోలు తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961)లో వీటిని ఒకే కుదుట చేర్చారు. తమిళ పెణ్డాట్టి, కన్నడ హెండతి ఆ కుదురువే. కన్నడంలో పాత 'ప'కారం 'హ'కారమైంది గనుక చుట్టరికం చప్పున కనిపించదు. తమిళ కన్నడాల్లో కొడుకైన 'మగ' మనకు మగవాడై, మగడై, మొగుడై కూర్చున్నాడు. కొడుకు చోటు ఖాళీ కాలేదు. అక్కడ 'కొడుకు' ఉన్నాడు. కొడమ, కోడె అన్న మాటల్లోని లేతదనమే ఈ మాటలోనూ ఉంది.

ఎవరి కొడుకు మరి? పందిట్లో పెద్దలందరికీ కొడుకేనని నా ఊహ. మనవాళ్ళు 'పెళ్ళికొడుకును చేయడం' అంటారు, గమనించారా? నూనె అంటి, నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, కొత్తబట్టలు కట్టించి చేస్తారు. అంతకుముందు రోజు దాకా అతడు ఫలానావారి అబ్బాయి మాత్రమే. ఆ నూనె నెత్తికెక్కాకే పెళ్ళికొడుకు.

సంస్కృతం చూపు వేరు. వివాహం, నవోఢ రెండూ 'వహ్' ధాతువులోంచి వచ్చినవే. నవోఢ అంటే కొత్తగా తోడ్కొని రాబడినది. అక్కడ ప్రయాణం ముఖ్యం, ఇక్కడ బిడ్డ ముఖ్యం. దంపతులకు వైయాకరణులు ఒక దారి చూపారు: జాయా, పతి కలిసినప్పుడు 'జాయా' అన్నది 'దం'గా మారిందని. వేదభాషను తులనాత్మకంగా చదివినవారు 'దం' అంటే ఇల్లన్నారు. లాటిన్ 'దోముస్' దీనికి చుట్టం. ఋగ్వేదంలో దంపతి అంటే ఇంటి యజమాని, అగ్నికి కూడా ఆ పేరుంది. ద్వివచనంలో ఆలుమగలు. కొత్త జంటను 'ఇంటికి ఇద్దరు యజమానులు' అనడం నాకు మొదటిదానికంటే నచ్చుతుంది. ఆ ఇంట్లో అత్తగారు ఒప్పుకుంటారా అన్నది వేరే మాట.

పెళ్ళయిన తరువాత కొత్త జంటను పిలిచి చేసే విందులకు మనకు చక్కని మాట ఉంది: మనుగుడుపులు. మనువు, కుడుపు కలిసిన మాట. మనువును మన పెద్దలు 'మను', అంటే బ్రతుకు, అనే క్రియకే చేరుస్తారు, మనుగడ అక్కడిదే. తమిళ మణంలా వినిపిస్తున్నదని రెంటినీ తొందరపడి ముడివేయనక్కరలేదు. కుడుపు అంటే తినిపించడం. శుభలేఖల్లో ఎటూ దొరకదు. మీ ఇళ్ళలో ఇంకా అంటున్నారేమో పెద్దలను అడిగి చూడండి.

షోలాపురం మనవాళ్ళు రోజూ వినే మరాఠీ 'నవరా'ది ఇంకో దారి. 'నవవరుడు' అరిగి అలా అయిందంటారు. కొత్త పెళ్ళికొడుకుకూ అదే మాట, మనవలెత్తిన మొగుడికీ అదే మాట.