నౌపడలో దిగిన బస్తా

1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు మొదలైంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ 40 కిలోమీటర్ల లైను నేరో గేజి. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు. అంతకు కొన్నేళ్ల ముందే సుమ్మాదేవి, పలాసల మీదుగా వేసిన తూర్పు తీరపు పెద్ద లైనులో, అంటే బ్రాడ్ గేజిలో, ఆ ఎడం 1676. రెండూ నౌపడలో కలిశాయి గాని, ఒకదాని బండి రెండోదాని మీద నడవదు. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన బస్తా అక్కడ దిగాల్సిందే, మళ్లీ పెద్ద వ్యాగన్‌లోకి ఎక్కాల్సిందే. ముందున్న ఇంజను ఎంత బలమైనదైనా ఆ ఆలస్యం తగ్గదు. సరుకు ఎప్పుడు చేరుతుందో తేల్చేది తరచూ ఈ అతుకే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఫైలు కాపీ నత్తనడక నడిచినప్పుడు కూడా మొదట అనుమానించాల్సింది డిస్కును కాదు, అతుకును.

మొదటే పెద్ద లైను వేసి ఉంటే ఈ బాధ లేకపోయేదిగా అని అడగవచ్చు. నేరో గేజికి ఖర్చు తక్కువ. అందుకే ఒక జమీందారీ ఆ పని తలకెత్తుకోగలిగింది. 1931 నాటికి లైను గుణుపురం దాకా వెళ్లింది. బ్రాడ్ గేజి పర్లాకిమిడి చేరింది 2010లో, గుణుపురం చేరింది 2011లో. దానికోసమే కూర్చుంటే ఆ ఊళ్లకు వందేళ్లు రైలే ఉండేది కాదు. డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీని రూపొందించినవాళ్లూ తెలిసే ఇలాంటి బేరం చేశారు. 1998 నాటి 1.1 సెకనుకు 12 మెగాబిట్లు మోసేది. 2000లో వచ్చిన 2.0, 480; 2008 నాటి 3.0, 5000. కొత్తది వచ్చినా పాతదాన్ని వెలివేయలేదు. కొత్త డ్రైవ్ పాత పోర్టులోనూ పనిచేస్తుంది, పాత వేగంతో.

ఈ మర్యాదే మనల్ని మోసపుచ్చుతుంది. చాలా పోర్టబుల్ డ్రైవ్‌లకు ఉండే వెడల్పాటి సాకెట్‌ను దగ్గరగా చూడండి: మధ్యలో చిన్న నొక్కుతో రెండు భాగాలుగా ఉంటుంది. పాత ఫోన్ చార్జర్ కేబుల్ ఒక భాగంలో చక్కగా దూరుతుంది, డ్రైవ్ వెలుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి. కానీ 3.0 కోసం చేర్చిన అదనపు తీగలు ఆ కేబుల్‌లో లేవు. సెకనుకు 110 మెగాబైట్లు రాయగల డిస్కు 35 దగ్గర ఆగిపోతుంది. టెక్కలి స్టూడియోలో ఇచ్చిన 20 జీబీ పెళ్లి వీడియో మూడు నిమిషాల్లో రావాల్సింది దాదాపు పది నిమిషాలు పడుతుంది. ఫోన్‌తో వచ్చే టైప్-సి చార్జింగ్ కేబుళ్లలో చాలావాటిదీ ఇదే కథ.

కేబుల్ మార్చినా వేల ఫొటోలు నెమ్మదిగానే వెళ్తున్నాయే అనేవారి మాటా నిజమే. తిరిగే డిస్కులో ప్రతి చిన్న ఫైలుకూ హెడ్ చోటు వెతుక్కోవాలి, ఫైల్ పట్టికలో నమోదు చేయాలి. అక్కడ కాలహరణం తీగలో కాదు. అందుకే ఒకే పెద్ద ఫైలుతో పరీక్షించాలి. అది వేగంగా వెళ్లి ఫొటోలు మాత్రమే నత్తనడకైతే, వాటిని ఒక జిప్ ఫైలుగా చేసి పంపితే సరి.

కాబట్టి కొత్త డ్రైవ్ కొనే ముందు, మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి, డ్రైవ్‌తో వచ్చిన కేబుల్‌నే కంప్యూటర్ 3.0 పోర్టులో నేరుగా పెట్టి చూడండి. పెద్ద ఫైలు అప్పటికీ ఆగి ఆగి కదులుతుంటే డిస్కే దెబ్బతింటూ ఉండవచ్చు. మిగతా పరీక్షలు తర్వాత, ముందు అందులోని ఫొటోలు వేరేచోట దాచుకోండి.