నాయన, మేము, మద్రాసు హెరాల్డ్

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. అంతకుముందు మనదంతా మద్రాసు రాష్ట్రమే. ఆ మద్రాసులోనే 1961 నుంచి స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ కార్లు చేసింది. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ హెరాల్డ్ ఛాసిస్సే మూలం, పొడవు తగ్గించినారు అంతే.

మా రెండు తలుపుల హెరాల్డ్‌ను నాయనతో కలిసి విప్పినాం. బాడీ, ఛాసిస్ వేరువేరు కాబట్టి బోల్టులు తీస్తే తుప్పంతా బయటపడింది. మారుతి ఇంజను పెడదామన్నాం. "అట్లయితే అది హెరాల్డ్ ఎట్లవుతాదిరా?" అన్నాడు నాయన. పాత ఇంజను ఉంచి, డైనమో బదులు ఆల్టర్నేటర్ మాత్రం పెట్టినాం.

విప్పిన ప్రతి సామాను నాయన నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. మళ్ళీ బిగించేటప్పటికి మోకాళ్ళ నొప్పితో ఆయన కూర్చోలేకపోయినాడు. కన్నడ మీడియం చదివిన మేము తెలుగు అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకున్నది ఆ నోటుబుక్కులోనే.